తొలిరోజు సభకు వెళ్తున్న బిడ్డకు

నల్లగొండ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బడ్జెట్ సమావేశాల తొలిరోజున శాసనసభకు వెళ్లి రాయమని ఆఫీసు వాళ్లు చెప్పారని, ఆ రోజు గవర్నర్ ప్రసంగం తప్ప మరేమీ ఉండదు కనుక ఏం రాయాలో తోచడం లేదని అందులో అన్నావు. అసలు వార్తలన్నీ బడ్జెట్ రోజునే వస్తాయని, తొలిరోజుకు కొత్తవాళ్లను పంపితే సరిపోతుందని ఎవరో నీతో చెప్పారట. ఆ మాట నేను ఒప్పుకోను. ప్రభుత్వం తాను చేసిన పనినీ చేయబోయే పనినీ ఒకేచోట, అచ్చువేసిన కాగితం మీద, సభ ముందు పెట్టే రోజు ఏడాదిలో అదొక్కటే. ఆ కాగితాన్ని మన జిల్లా మనిషి కళ్లతో చదివి రాయగలిగితే, నువ్వు రాసింది ఏడాది పొడవునా పనికొస్తుంది.

ముందుగా ఆ రోజు ఎందుకు ఏర్పడిందో తెలుసుకో. రాజ్యాంగంలోని 176వ అధికరణం ప్రకారం సాధారణ ఎన్నికల తర్వాత జరిగే మొదటి సమావేశం ఆరంభంలోనూ, ప్రతి సంవత్సరపు మొదటి సమావేశం ఆరంభంలోనూ గవర్నర్ ప్రసంగించి, సభను ఎందుకు పిలిచారో సభ్యులకు తెలియజేయాలి. మండలి కూడా ఉన్న రాష్ట్రాల్లో ఉభయ సభలూ కలిసి కూర్చుంటాయి. మన తెలంగాణలోనైతే 119 మంది శాసనసభ్యులు, 40 మంది మండలి సభ్యులు శాసనసభ మందిరంలోనే కూర్చుని వింటారు. గవర్నర్ రాగానే ముఖ్యమంత్రి, స్పీకర్, మండలి చైర్మన్, శాసనసభ వ్యవహారాల మంత్రి ఎదురెళ్లి లోపలికి తోడుకొని వస్తారు. జాతీయగీతం అయ్యాక ప్రసంగం మొదలవుతుంది, ముగిశాక మళ్లీ జాతీయగీతం, ఆ తర్వాత సభ వాయిదా. ఆ వెనుకే స్పీకర్ అధ్యక్షతన సభా వ్యవహారాల సలహా సంఘం, అంటే మనం రోజూ రాసే బీఏసీ, కూర్చుని సమావేశాలు ఎన్ని రోజులు నడవాలో, ఏ రోజు ఏ అంశం రావాలో నిర్ణయిస్తుంది. చూసేవాళ్లకు ఇదంతా లాంఛనంగానే కనబడుతుంది, నీకు అలా కనబడకూడదు.

గవర్నర్ చదివే ఆ ప్రసంగం గవర్నర్ రాసుకున్నది కాదన్న సంగతి నీకు తెలిసే ఉంటుంది, అయినా మన పత్రికల్లో ఏటా ఈ విషయం మరుగున పడిపోతూనే ఉంది. ప్రతి శాఖ నుంచీ వివరాలు తెప్పించుకొని, ముసాయిదా తయారుచేసి, మంత్రివర్గం ఆమోదించాకే అది గవర్నర్ చేతికి వెళుతుంది. ఈ విషయంలో వచ్చిన తగాదాలను చూస్తే ఆ కాగితం ఎవరిదో స్పష్టంగా తెలుస్తుంది. కేరళలో 2020 జనవరిలో అప్పటి గవర్నర్ ఆరిఫ్ మహమ్మద్ ఖాన్, పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా ఉన్న పేరాతో తనకు ఏకీభావం లేదని సభలోనే చెప్పి, ముఖ్యమంత్రి కోరికను గౌరవించి దాన్ని చదివారు. ఆయనే 2024 జనవరిలో చివరి పేరా మాత్రం చదివి వెళ్లిపోయారు. తమిళనాడులో 2023 జనవరి 9న గవర్నర్ ఆర్.ఎన్. రవి కొన్ని భాగాలు వదిలేసి చదివితే, అచ్చువేసిన పాఠమే రికార్డుల్లో ఉండాలని ముఖ్యమంత్రి స్టాలిన్ అప్పటికప్పుడు తీర్మానం పెట్టారు, గవర్నర్ సభ నుంచి వెళ్లిపోయారు. కాబట్టి ‘గవర్నర్ హామీ ఇచ్చారు’ అని రాయకు. హామీ ఇచ్చింది ప్రభుత్వం, చదివింది గవర్నర్. నీ వాక్యంలో కర్త సరిగ్గా ఉంటే రేపు ఎవరిని నిలదీయాలో పాఠకుడికి దానంతటదే అర్థమవుతుంది.

మన రాష్ట్రంలో ఆ ప్రసంగమే లేకుండా బడ్జెట్ సమావేశాలు మొదలైన ఏడాది కూడా ఉంది. 2022 మార్చి 7న సభ మొదలైన రోజే బడ్జెట్ ప్రవేశపెట్టారు. అంతకుముందటి సమావేశాలను ప్రొరోగ్ చేయలేదు, అంటే లాంఛనంగా ముగించలేదు కాబట్టి ఇది వాటి కొనసాగింపేననీ, ప్రసంగం అక్కర లేదనీ ప్రభుత్వం వాదించింది. అప్పటి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. మరుసటి ఏడాది బడ్జెట్‌కు గవర్నర్ అనుమతి విషయం హైకోర్టు దాకా వెళ్లి, ఇరుపక్షాల న్యాయవాదుల మధ్య అంగీకారం కుదిరాక 2023 ఫిబ్రవరి 3న ప్రసంగం మళ్లీ జరిగింది. 2022లో ఎవరి వాదన చట్టపరంగా నిలుస్తుందన్న చర్చే ఎక్కువ నడిచింది. నాకు మాత్రం ఆనాడు పోయింది వేరే ఒకటి ఉందనిపిస్తుంది. ప్రసంగం లేకపోతే, దానికి గవర్నర్‌కు ధన్యవాదాలు చెబుతూ సభ చర్చించి ఆమోదించే ధన్యవాద తీర్మానం ఉండదు. ఆ తీర్మానం లేకపోతే, పద్దులతో పనిలేకుండా ప్రభుత్వ విధానం మొత్తం మీద ఏ సభ్యుడైనా లేచి మాట్లాడే అవకాశం పోతుంది. మునుగోడు నీళ్ల గురించో నారాయణపేట నేత కార్మికుల గురించో అడగదలచిన సభ్యుడికి అది చిన్న నష్టం కాదు.

ఇప్పుడు నీ పని దగ్గరికి వద్దాం. ప్రసంగం ప్రతులను సభ్యులతోపాటు పత్రికల వాళ్లకూ ఇస్తారు. అది చేతికి రాగానే టీవీ స్క్రోలింగుకు సరిపడే అంకె కోసం వెతకకు, ఆ పని చేసేవాళ్లు నీ పక్కనే చాలామంది ఉంటారు. నువ్వు వెళ్లేటప్పుడే గడిచిన రెండు మూడేళ్ల ప్రసంగాల ప్రతులు వెంట పెట్టుకుని వెళ్లు. పెన్సిల్ తీసుకుని, మన ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల పేర్లుగానీ, మన ప్రాజెక్టుల పేర్లుగానీ వచ్చిన ప్రతి పేరా పక్కన గీత గీయి. తర్వాత పాత ప్రతుల్లో అదే ప్రాజెక్టు పేరాను తెరిచి పక్కన పెట్టు. నిరుడు గడువు చెప్పిన చోట ఈసారి గడువు ఉందా, నిరుడు ఎకరాల లెక్క చెప్పిన చోట ఈసారి ‘రైతాంగ సంక్షేమానికి కట్టుబడి ఉన్నాం’ అన్న మాట మాత్రమే మిగిలిందా, నిరుడున్న ఊరి పేరు ఈసారి మాయమైందా చూడు. ప్రసంగంలో ఉన్నదాని కంటే, ఉండి మాయమైనదాన్ని పట్టుకోవడం కష్టం. ఆ కష్టం పడేవాళ్లు ప్రెస్ గ్యాలరీలో తక్కువ, అందుకే ఇంతగా చెబుతున్నాను.

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలనే తీసుకో. 2015 జూన్ 11న భూత్పూర్ మండలం కరివెనలో శంకుస్థాపన జరిగింది. 2023 సెప్టెంబరు 16న నార్లాపూర్ దగ్గర మొదటి పంపును నడిపారు. పంపు నడిచినంత మాత్రాన పొలానికి నీళ్లు రావు, రిజర్వాయర్లు నిండాలి, కాలువలు తవ్వాలి, పిల్లకాలువలు పారాలి. ప్రసంగంలో ఆ ప్రాజెక్టు గురించి ఒక వాక్యం వచ్చినప్పుడు, అది పంపు గురించి చెబుతున్నదా, రిజర్వాయర్ గురించా, కాలువ గురించా, పొలం గురించా అని విడదీసి రాయి. బతుకుదెరువు కోసం ముంబయికీ పుణెకూ పోయిన కుటుంబం తిరిగి ఊరికి రావాలా వద్దా అని ఆలోచించేది ఆ నాలుగో మాట మీదనే. ‘పాలమూరు ప్రాజెక్టుకు ప్రాధాన్యం’ అని హెడింగ్ పెట్టి వదిలేస్తే ఆ కుటుంబానికి నువ్వు ఏమీ చెప్పనట్టే.

2025 నాటి తొలిరోజును ఒకసారి గుర్తు తెచ్చుకో. ఆ ఏడాది మార్చి 12న గవర్నర్ జిష్ణుదేవ్ వర్మ ఉభయ సభల ముందు ప్రసంగించారు. దానికి మూడు వారాలు కూడా కాకముందు, ఫిబ్రవరి 22న, దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. మార్చి 9న ఒకరి మృతదేహం బయటికి వచ్చింది. సభలో జాతీయగీతం వినబడుతున్న వేళకు మిగతావారి కోసం బురదలో వెతుకులాట నడుస్తూనే ఉంది. ఆ సొరంగం దాదాపు 44 కిలోమీటర్ల పొడవున శ్రీశైలం నీటిని ఎత్తిపోతలు లేకుండా మన నల్లగొండకు తేవాలని మొదలుపెట్టినది, అందులో పనిచేస్తూ చిక్కుకున్నవాళ్లు ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చినవాళ్లు. అలాంటి ఏడాదిలో నల్లగొండ పాఠకుడు పేపర్ తెరిచి మొదట వెతికేది ఆ సొరంగం మాటే. రాజధాని పేజీలో ఏది లీడ్ అయినా, జిల్లా పేజీకి రాసే నువ్వు ఆ మాట దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక మాట. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి దేశమంతటా మన జిల్లా పేరే పెట్టి పిలుస్తారు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015 జూన్‌లో చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. ఇంతటి చరిత్ర ఉన్న చోటి నుంచి వెళ్లిన నువ్వు, ప్రసంగంలో తాగునీటి పేరా వచ్చినప్పుడు అక్కడున్నది పైపులైన్ లెక్కా, నల్లా కనెక్షన్ లెక్కా, నల్లాలో రోజూ వచ్చే నీళ్ల లెక్కా చూడాలి. ఆ సాయంత్రమే మర్రిగూడ మండలంలో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి వాళ్ల ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారో అడుగు. చర్లగూడెం, శివన్నగూడెం రిజర్వాయర్ల కింద భూములిచ్చిన రైతులకు ప్రసంగంలో చోటు దొరికిందో లేదో కూడా అదే ఫోన్‌లో వాళ్లకు నువ్వే చదివి వినిపించు. వాళ్లు చెప్పిన జవాబు నీ కాపీలో మూడో పేరా అవుతుంది.

సభలోని గొడవల గురించి అడిగావు. ప్రసంగం నడుస్తుండగా నినాదాలు, ప్లకార్డులు, వాకౌట్ ఉంటే తప్పకుండా రాయి, కానీ అవి ఎందుకు జరిగాయో రాయకుండా ఎలా జరిగాయో మాత్రమే రాయకు. 2025లో ప్రసంగం మర్నాడే, ధన్యవాద తీర్మానంపై చర్చలో, సూర్యాపేట శాసనసభ్యుడు జగదీశ్ రెడ్డిని సమావేశాలు ముగిసేదాకా సస్పెండ్ చేశారు. అది పెద్ద వార్తే, దాన్ని చిన్నది చేయమని నేను అనను. అయితే ఇలాంటి రోజున చర్చలో మిగతా సభ్యులు ఏమడిగారన్నది పత్రికల్లో నాలుగు వరుసలకు కుదించుకుపోతుంది. ఆ నాలుగు వరుసల్లోనే దేవరకొండ తండా రోడ్డూ, మిర్యాలగూడ వడ్ల కొనుగోలూ ఉండవచ్చు. నీకు ఒక్క ఐటమ్‌కే చోటిస్తే గొడవ రాయి, రెండింటికి చోటిస్తే రెండోది చర్చకు ఇవ్వు, ఇవ్వమని డెస్కుతో గట్టిగా అడుగు.

చట్టం విషయంలో జాగ్రత్తగా ఉండు. సభలో జరిగినదాన్ని దురుద్దేశం లేకుండా, సారాంశంలో నిజంగా ఉండేలా ప్రచురిస్తే రాజ్యాంగంలోని 361ఏ అధికరణం నీకు రక్షణ ఇస్తుంది. 1978లో 44వ సవరణ ద్వారా వచ్చిన రక్షణ అది. స్పీకర్ రికార్డుల నుంచి తొలగించమన్న మాటలను మాత్రం పట్టుకుని ప్రచురించకు. పట్నా నుంచి వెలువడిన సర్చ్‌లైట్ పత్రిక 1950ల చివర్లో సరిగ్గా ఇలాంటి విషయంలోనే బిహార్ శాసనసభతో చిక్కుల్లో పడి సుప్రీంకోర్టు దాకా వెళ్లినా అక్కడ ఊరట దొరకలేదు. ఆ మాట తొలగించారా లేదా అన్న అనుమానం వస్తే శాసనసభ సచివాలయంలో అడిగి తెలుసుకున్నాకే కాపీ పంపు, ఆలస్యమైనా ఫర్వాలేదు.

నువ్వు వెళ్లే చోట మనం కొత్తవాళ్లం కాదని కూడా చెప్పాలనిపిస్తోంది. 1952లో ఏర్పడిన హైదరాబాద్ శాసనసభలో ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు గారు పాలమూరు బిడ్డ, షాద్‌నగర్ నుంచి గెలిచినవారు. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి గారు గెలిచి వచ్చారు. వనపర్తి నుంచి సురవరం ప్రతాపరెడ్డి గారు ఎన్నికయ్యారు, ఆయన 1926లోనే గోలకొండ పత్రికను మొదలుపెట్టి నిజాం ఏలుబడిలో తెలుగులో రాసి నిలబడినవారు. పత్రిక రాసిన చెయ్యీ సభలో లేచిన చెయ్యీ ఒకటే అయిన మనిషి మన జిల్లాల నుంచే వచ్చారన్నది నాకు ఎప్పుడూ బలాన్నిచ్చే సంగతి. గ్యాలరీలో కూర్చున్నప్పుడు నిన్నెవరైనా జిల్లా విలేకరి అని తక్కువగా చూస్తే ఇది గుర్తు పెట్టుకో.

తొలిరోజు రాసి పంపగానే పని అయిపోయిందనుకోకు. ధన్యవాద తీర్మానానికి ప్రతిపక్షం ఇచ్చే సవరణల జాబితా అడిగి తీసుకో. ప్రసంగంలో ఏమి లేవో ప్రతిపక్షం ఆ సవరణల్లోనే చెబుతుంది. చర్చకు ముఖ్యమంత్రి ఇచ్చే జవాబును ప్రసంగం ప్రతి మీదే మార్జిన్లో రాసుకో. ఆ తీర్మానం ఓడిపోతే ప్రభుత్వం సభ విశ్వాసం కోల్పోయినట్టే లెక్క కాబట్టి ఓటింగ్ అడిగారా, మూజువాణితో నెగ్గించారా అన్నది కూడా రాయి. ఆ తర్వాత బడ్జెట్ వస్తుంది. 2025లో ప్రసంగానికి సరిగ్గా వారానికి, మార్చి 19న, ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క దాదాపు 3.05 లక్షల కోట్ల బడ్జెట్ ప్రవేశపెట్టారు. ఈసారి బడ్జెట్ పుస్తకాలు చేతికి రాగానే నీటిపారుదల పద్దు తెరిచి, నువ్వు పెన్సిల్‌తో గీత గీసిన ఒక్కొక్క పేరాకూ అందులో ఎన్ని కోట్లు పెట్టారో, నిరుడు పెట్టినదాంట్లో సవరించిన అంచనా ఎంతకు తగ్గిందో చూసుకో. ఆ రోజు నువ్వు రాయవలసిన ఐటమ్ తొలిరోజునే సగం రాసిపెట్టుకున్నట్టు అవుతుంది.

తొలిరోజు నువ్వు పంపిన కాపీని పూర్తిగా నాకు పోస్టులో పంపు. పేపర్ ఇక్కడికి తెల్లవారేసరికే వస్తుంది కానీ, డెస్కులో ఏ పేరా కోశారో తెలిస్తేనే నీకు తర్వాతి ఉత్తరం రాయగలను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి