పాత ఫైలు చూపించకుండా ఆపరేషన్‌కి ఒప్పుకోకు

చిన్నబాబుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. కోడలికి రెండు అండాశయాల్లోనూ గడ్డలు కనపడ్డాయనీ, కడుపులో కాస్త నీరు కూడా ఉందనీ, పలాసలో చూసిన డాక్టరమ్మ ఈ సోమవారమే తీసేద్దామన్నారనీ చెప్పింది. నువ్వు పంపిన స్కానింగ్ కాగితం కూడా చూశాను. ఫోన్‌లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను. విజయనగరంలో ఆడవాళ్ల వార్డులోనే నర్సుగా నా సర్వీసంతా గడిచిపోయింది కదా, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

సోమవారం ఆపరేషన్ ఆపు. ఆ డాక్టరమ్మ తప్పేమీ లేదు. ఆవిడ చేతికి మీరిచ్చింది కొత్త స్కానింగ్ ఒక్కటే. కోడలికి పెద్దపేగు క్యాన్సర్‌కి కోత పడిందని నోటిమాటగా చెప్పారట గానీ ఆ కాగితాలు ఇంట్లో బీరువాలోనే ఉండిపోయాయి. పేగు క్యాన్సర్ వచ్చిన ఆడమనిషికి అండాశయాల్లో గడ్డ కనపడితే, అందులోనూ రెండు పక్కలా ఉంటే, అది పేగులోంచి వచ్చిందేమోనని ముందు అనుమానించాలి. అలా వచ్చినదైతే దాన్ని అండాశయ క్యాన్సర్ అనరు. పేగు క్యాన్సరే అక్కడికి చేరి పెరిగిందని లెక్క. కీమో మందులూ పేగు క్యాన్సర్‌వే ఇస్తారు. అండాశయంలోనే పుట్టిందనుకుని మొదలెడితే మందు మారిపోతుంది, ఆపరేషన్ తీరూ మారిపోతుంది.

దీన్ని పోల్చుకోవడం పెద్దవాళ్లకే కష్టమైంది. క్రుకెన్‌బర్గ్ అని జర్మనీ డాక్టరు ఒకాయన 1896లో ఇలాంటి అండాశయ గడ్డల గురించి రాసి, అవి అక్కడే పుట్టాయనుకున్నాడు. అవి వేరేచోట నుంచి వచ్చినవని 1902లో ఇంకొకరు తేల్చారు. అయినా పేరు మాత్రం ఆయనదే నిలిచిపోయింది. డాక్టర్లు మీ ముందు ‘క్రుకెన్‌బర్గ్’ అంటే కొత్త రోగం ఏదో వచ్చిందని హడలిపోకండి. అసలు ఆ పేరు ఎక్కువగా పొట్టలోంచి, అంటే జీర్ణాశయం నుంచి వచ్చినవాటికి చెందింది. పేగు నుంచి వచ్చినదాన్ని కూడా వాడుకలో అలాగే అనేస్తుంటారు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుంది. మొదటి ఆపరేషన్ అయిన విశాఖ ఆసుపత్రికి వెళ్లి ముక్క పరీక్ష రిపోర్టు ఒక్కటే కాదు, ఆ ముక్కనే అడిగి తెచ్చుకో. మైనంలో పెట్టి చిన్న దిమ్మలా చేసి ల్యాబులో దాస్తారు, దాన్ని బ్లాకు అంటారు. దాంతోపాటు గాజు స్లైడులు కూడా ఉంటాయి. దరఖాస్తు రాసి సంతకం పెడితే ఇస్తారు. ‘రేపు రండి’ అంటే రేపు వెళ్లు, కసురుకోకు. ఇప్పుడు అండాశయం నుంచి తీసే ముక్కనీ ఆ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ ఎక్కడ పుట్టిందో గట్టిగా చెప్పలేరు. రంగులు వేసి చేసే పరీక్షలుంటాయి. సీకే 7, సీకే 20, సీడీఎక్స్ 2, పాక్స్ 8 అని రిపోర్టులో కనిపిస్తాయి. పేగుదైతే సాధారణంగా సీకే 20, సీడీఎక్స్ 2 పాజిటివ్ వస్తాయి, పాక్స్ 8 రాదు. నువ్వు చదివి తేల్చేసుకోకు, ఆ పరీక్షలు చేశారో లేదో మాత్రం చూసుకో.

రక్తంలో సీఏ 125 పెరిగిందని మీ అమ్మ మరీ బెంగెట్టుకుంది. కడుపులో నీరు పడితే అది ఎలాగూ పెరుగుతుంది. దాన్నిబట్టి అండాశయ క్యాన్సరే అని ఎవరైనా అంటే, సీఈఏ కూడా చేయించారా అని అడుగు. పేగు తరఫు పరీక్ష అది. రెండూ కలిపి చూడాలి.

గర్భసంచి ఎప్పుడో తీసేశారు కదా, ఇంకా అండాశయాలేమిటి అని మీ నాన్న అడిగాడట. మన వైపు ఇంటికొకరు ఆ ఆపరేషన్ అయినవాళ్లే, అయినా ఏం తీశారో సగం మందికి తెలీదు. గర్భసంచి తీసినా చాలామందికి అండాశయాలు వదిలేస్తారు. ఈ సంగతి వార్డులో చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది.

ఆపరేషన్ అసలే వద్దంటున్నానని అనుకోకు. కీమోకి కాలేయంలో మచ్చలు తగ్గుతున్నా అండాశయంలో గడ్డ మాట వినకుండా పెరిగిపోవడం ఉంది. అందుకే చాలామందికి రెండు అండాశయాలూ తీసేయడమే మంచిదంటారు. కడుపు ఉబ్బు, నొప్పి తగ్గి మనిషి కాస్త తేరుకుంటుంది కూడా. కాకపోతే ముందు కీమోనా ముందు కోతా అన్నది, ఇంకెక్కడెక్కడ ఉందో సీటీలో చూసి, పేగు ఆపరేషన్ చేసే సర్జనూ కీమో డాక్టరూ కలిసి కూర్చుని తేల్చాలి. ఊరికి దగ్గరని ఒక్కరి చేత చేయించే పని కాదిది. విశాఖలో మొదట చూసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. అక్కడ తృప్తి లేకపోతే అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. దువ్వాడలో ఆగే బండి చూసుకుంటే విశాఖ ఊళ్లోకి వెళ్లి మళ్లీ వెనక్కి రానక్కర్లేదు. రేషన్ కార్డు, ఆధార్ అసలువి పట్టుకెళ్లు. మనం ఆరోగ్యశ్రీ అంటున్నదాని పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. డబ్బు కట్టే ముందే ఆ కౌంటర్‌లో అడుగు, కట్టేశాక అడిగి లాభం లేదు.

మీది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న చోటు. ఈ మాట ప్రతి డాక్టరుకీ చెప్పు. కిడ్నీ సంగతి తెలియకుండా సీటీకి రంగు మందు ఎక్కించకూడదు, క్రియాటినిన్ చూపించాకే చేయించుకోవాలి. కీమో మాత్రలు కేపసిటబిన్ రాస్తే దాని మోతాదు కూడా కిడ్నీని బట్టే ఉంటుంది. నొప్పి అంటోంది కదా అని మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని వెయ్యకు. ఊళ్లో ఆర్.ఎం.పి. సూది పొడుస్తానన్నా వద్దను.

ఆక్సాలిప్లాటిన్ ఎక్కిస్తే కొన్నాళ్లు చల్లటిది ఏది తాకినా వేళ్లు జిల్లుమంటాయి, గొంతు పట్టేసినట్టుంటుంది. ఫ్రిజ్ జోలికి పోనివ్వకు, గిన్నెలు నువ్వే తోము. తరవాణి ఆవిడకి ప్రాణమని తెలుసు గానీ కీమో అయ్యేదాకా ఆపెయ్యండి. తెల్లకణాలు పడిపోయినప్పుడు పులిసిన నీళ్లు వద్దు. చోడి అంబలి వేడివేడిగా ఇవ్వు, ఎవరూ కాదనరు. జ్వరం 100.4 దాటితే మాత్రం తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి బయల్దేరు. కడుపు బిగుసుకుపోయి, వాంతులై, గాలి కూడా పోకుండా ఉన్నా, ఉన్నట్టుండి పొత్తికడుపులో కత్తితో కోసినట్టు నొప్పి వచ్చినా అంతే.

పాత ముక్క మీదే ఇంకో పని ఉంది. కేరాస్, ఎన్‌రాస్, బీరాఫ్, ఎంఎస్ఐ అనే జన్యు పరీక్షలు చేశారా అని అడుగు. ఏ మందు పనికొస్తుందో వాటిని బట్టే తెలుస్తుంది. ఎంఎస్ఐలో తేడా ఉందంటే వంశంలో వచ్చేదేమోనని చూస్తారు, అప్పుడు కోడలి అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ కబురు పెట్టాలి.

పేగులోంచి వచ్చిందేనని తేలితే ఇది నాలుగో దశ కిందకే వస్తుంది. పూర్తిగా పోతుందని నేను నీకు చెప్పను. బాగా చేయించుకుని ఏళ్లు గడిపినవాళ్లూ ఉన్నారు, అదీ నిజమే. కోడలికి దాచొద్దు. నలభై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. వార్డులో చూశాను కదా, మగాళ్లు కారిడార్‌లో గుసగుసలాడుతుంటే మంచం మీదున్న మనిషికి అంతా తెలుస్తూనే ఉంటుంది. అండాశయాలు తీస్తే నెలసరి ఆగిన వయసులో వచ్చే వేడి ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి ఒక్కసారిగా మీద పడతాయి. అది కూడా ముందే ఆవిడకి చెప్పాలి. నువ్వు చెప్పలేకపోతే నాకు ఫోన్ ఇవ్వు, నేను చెబుతాను. మీ అమ్మని మాత్రం ఆ గదిలో ఉంచకు.

బ్లాకు చేతికి రాగానే ఫోన్ చెయ్యి. రిపోర్టులు వాట్సాప్‌లో పెట్టేటప్పుడు కాగితం బల్ల మీద పరిచి తిన్నగా తియ్యరా. మొన్నటిదాంట్లో సగం నీ బొటనవేలే ఉంది.

పెద్దమ్మ
విజయనగరం