జమైకా గాయకుడు బాబ్ మార్లే ఆల్బమ్ ‘క్యాచ్ ఎ ఫైర్’ అంత గొప్పదైతే మొదట్లో ఎందుకు అమ్ముడుపోలేదు?

1973లో ఐలాండ్ రికార్డ్స్ ఈ ఆల్బమ్‌ను విడుదల చేసినప్పుడు విమర్శకులు మెచ్చుకున్నారు కానీ, అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో (అమ్మకాల జాబితాలో) అది 171వ స్థానం దాటలేదు. కారణం నాకు తెలిసి ఒకటే: రాక్ వినేవాళ్లకు జమైకా సంగీతమైన రెగే అప్పటికి కొత్త. అప్పటివరకు రెగే ఎక్కువగా విడి పాటలుగానే అమ్ముడయ్యేది. మొత్తం ఆల్బమ్‌గా కూర్చుని వినే అలవాటు ఇంకా రాలేదు.

ఆ సంగతి నిర్మాత క్రిస్ బ్లాక్‌వెల్‌కు బాగా తెలుసు. అందుకే జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో రికార్డు చేసిన టేపులను లండన్ తెప్పించి, అమెరికన్ గిటారిస్టు వేన్ పెర్కిన్స్‌తో, కీబోర్డు వాయించే రాబిట్ బండ్రిక్‌తో అదనపు వాయిద్యాలు చేర్పించాడు. ఇందులోని ‘కాంక్రీట్ జంగిల్’ పాటలో వినిపించే ఆ గిటార్ సోలో పెర్కిన్స్‌దే. దీంతో రెగే పలచబడిందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. 2001 డీలక్స్ ఎడిషన్‌లో, లండన్‌లో చేర్చినవి లేని జమైకా మిక్స్ కూడా ఇచ్చారు, రెండూ పక్కపక్కన వినండి. లండన్ మిక్స్‌లో బాస్ కొంత తగ్గింది కానీ, రెగే లయ పోలేదు. జమైకా మిక్స్ మాత్రం ఇంకా ముడిగా, దగ్గరగా అనిపిస్తుంది. నాకు అదే ఎక్కువ ఇష్టం.

జిప్పో లైటర్‌లా పైకి తెరుచుకునే మొదటి కవర్ కూడా దీని ప్రత్యేకతే. తయారీ కష్టం కావడంతో తర్వాత మార్లే ఫొటో వేశారు.