జర్మనీలో మొదటి క్రిస్మస్, హాస్టల్లో ఒక్కరే ఉండాల్సి వస్తే

ఈ అక్టోబరులోనే మాస్టర్స్‌కి జర్మనీ వచ్చానని, క్రిస్మస్‌కి హాస్టల్ మొత్తం ఖాళీ అయిపోతుందంటే టెన్షన్‌గా ఉందని రాశారు. నేను అక్కడి డ్రెస్డెన్ నగరంలో చదువుకున్నాను. మాది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. అందుకే మీ బెంగ నాకు బాగా తెలుసు.

మన ఊళ్లలో క్రిస్మస్ వీధిలోకి వస్తుంది. డిసెంబరు పుట్టగానే క్యారల్స్ వాళ్లు డోలక్ వాయిస్తూ అర్ధరాత్రి దాకా ఇంటింటికీ తిరుగుతారు. పండగ రోజు ఎవరింటికి వెళ్లినా భోజనం పెట్టి పంపిస్తారు. జర్మనీలో అసలు పండగ 24 సాయంత్రం. అదీ తలుపులు వేసుకుని, ఇంట్లోవాళ్ల మధ్యే. చాలా ఇళ్లలో ఆ రాత్రి భోజనం బంగాళదుంప సలాడ్, సాసేజీలు, అంతే. మిమ్మల్ని ఎవరూ పిలవకపోతే అది చిన్నచూపు కాదు, వాళ్ల పద్ధతే అది. దయచేసి మనసులో పెట్టుకోకండి.

వీధిలో సందడంతా అంతకుముందు నాలుగు వారాల్లోనే ఉంటుంది. అడ్వెంట్ అనే ఆ నాలుగు వారాల కోసం పెట్టే దండలో ఆదివారానికో కొవ్వొత్తి వెలిగిస్తూ పోతారు. డ్రెస్డెన్‌లో స్ట్రీట్సెల్‌మార్క్ట్ అనే క్రిస్మస్ సంత 1434 నుంచి ఉంది. సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోయే ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది ఆ సంతే. గ్లూవైన్ అనే వేడివేడి మసాలా వైన్ తాగే కప్పుకి డిపాజిట్ తీసుకుంటారు, కప్పు తిరిగిస్తే డబ్బులు వెనక్కి ఇస్తారు. వైన్ వద్దనుకుంటే కిండర్‌పున్ష్ అడగండి, అందులో ఆల్కహాల్ ఉండదు. ఆ ప్రాంతంలో కిటికీ కిటికీకీ స్టార్ వేలాడుతుంది. దగ్గర్లోని హెర్న్‌హూట్ అనే ఊరి పేరుతోనే ఆ స్టార్‌ని పిలుస్తారు. మన ఇళ్ల ముందు కట్టే కాగితం స్టార్‌ని తలపించే ఆ కోసుల నక్షత్రాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. దాని పక్కనే చెక్కతో చేసిన కమాను, దాని మీద వరసగా దీపాలు. దగ్గర్లోని కొండప్రాంతపు గనికార్మికుల సంప్రదాయమట. ఇవన్నీ పరీక్షల తర్వాత చూద్దాంలే అని వాయిదా వేయకండి. సంతలు చాలావరకు 23కో, 24 మధ్యాహ్నానికో ఎత్తేస్తారు.

24న దుకాణాలు మధ్యాహ్నం రెండింటికల్లా మూసేస్తారు. 25, 26 రెండూ సెలవులే. 27 ఆదివారం పడితే ఆ రోజూ అంతే. బియ్యం, పాలు, కూరగాయలు, మందులు 23కల్లా తెచ్చేసుకోండి. మరీ అవసరమైతే పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని షాపులు తెరిచి ఉంటాయి.

24 సాయంత్రం మాత్రం గదిలో ఉండిపోకండి. ఏ మతం వారైనా సరే, చర్చికి వెళ్లండి, ఎవరూ ఏమీ అడగరు. నేను డ్రెస్డెన్‌లోని క్రాయిట్స్‌కిర్షె అనే చర్చికి వెళ్లాను. అక్కడి బాలుర బృందం పాడుతుంటే భాష సగమే అర్థమైనా కళ్లు చెమర్చాయి. జర్మనీలో రాత్రి ఏడున్నర అయితే మన దేశంలో సరిగ్గా అర్ధరాత్రి పన్నెండు. అప్పుడు ఫోన్ చేస్తే ఇంట్లోవాళ్లంతా మందిరంలో ఉన్నారు, అమ్మ ఫోన్ పైకెత్తి పట్టుకుని ఆరాధన వినిపించింది.

ఇంకొక్క మాట. మీ ల్యాబ్‌లో గానీ, పక్క గదివాళ్లతో గానీ "నేను పండక్కి ఇక్కడే ఉంటున్నాను" అని ముందే చెప్పండి. అక్కడ ఎవరూ చివరి నిమిషంలో పిలవరు. నెల ముందే తెలిస్తే మాత్రం 26న కాఫీకి, ష్టోలెన్ కేకుకి రమ్మంటారు. అలా పిలిస్తే ఖాళీ చేతులతో వెళ్లకండి, ఇంట్లో చేసిన మురుకులైనా తీసుకెళ్లండి. 25న మన తెలుగువాళ్లు నలుగురు కలిసి బిర్యానీ వండుకోవాలనుకుంటే హాస్టల్ కిచెన్ మొత్తం మీదే. చికెన్ మాత్రం 24 పొద్దున్నే కొనేయండి.