పన్నెండున్నరకి పాపని ఎవరు తెస్తారు?

ప్రశ్న: మాది విజయనగరం, దాసన్నపేట. పాపకి మూడేళ్ళ రెండు నెలలు. నేను మెడికల్ షాపులో బిల్లింగ్ చేస్తాను, ఆయన రోజూ విశాఖ వెళ్ళొస్తారు. ఆర్టీసీ బస్ కాంప్లెక్స్ అవతలున్న పెద్ద స్కూల్లోనే వెయ్యాలని, ఇప్పుడు నర్సరీలో చేర్చకపోతే తర్వాత సీటు రాదని ఆయన పట్టుబట్టారు. అత్తగారేమో "ఇంత పసిగుంటని ఎవరికో అప్పజెప్పేస్తావేటి, సిరిమాను పండగ వెళ్ళనీ, లేదంటే వీధిలో అంగన్‌వాడీ ఉంది కదా" అంటారు. నాకు పక్క వీధిలో చిన్న ప్లే స్కూలు నచ్చింది. మొన్న ఆయన "నీకేం తెలుసు" అనేశారు, అప్పట్నుంచీ మాటల్లేవు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముగ్గురూ మూడు స్కూళ్ళు చెప్పారు గానీ పన్నెండున్నరకి వదిలేస్తే పాపని ఎవరు తెస్తారో ఒక్కరూ చెప్పలేదు. మీరు షాపులో, ఆయన విశాఖలో, ఇక మిగిలింది అత్తగారే. ఎండలో ఆవిడ ఎంత దూరం నడవగలరో ముందు అది తేల్చండి, సగం గొడవ అక్కడే తేలిపోతుంది. కాంప్లెక్స్ అవతలంటే ఆటోయే గతి, గంటస్తంభం దగ్గర పొద్దుటి ట్రాఫిక్ మీకు నేను చెప్పక్కర్లేదు.

ఊరికే అనట్లేదు. మావాడిని నేనూ అలాగే పేరు చూసి దూరంగా వేసేశాను, ఆటోలో పన్నెండు మంది, వాడు డ్రైవర్ పక్కన చెక్క మీద. రెండు నెలలకి జ్వరం పట్టుకుంది, టెస్టులు చేయిస్తే యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు. అడగ్గా అడగ్గా చెప్పాడు, అక్కడ బాత్రూమ్ చీకటిగా ఉంటుందట, ఆయా అరుస్తుందట, అందుకని ఇంటికొచ్చేదాకా బిగబట్టుకునేవాడట. స్మార్ట్ క్లాసుకని విడిగా డబ్బులు కట్టించుకున్న స్కూలు అది, బాత్రూములో బల్బు లేదు.

మీ ఆయన సంగతి. ఒకటో క్లాసుకి ఆరేళ్ళన్నది 2020 జాతీయ విద్యా విధానంలోనే ఉంది, అంటే మీ పాపకి ఇంకా దగ్గర దగ్గర మూడేళ్ళ టైముంది. ఎల్‌కేజీలో, ఒకటిలో కొత్త పిల్లల్ని తీసుకుంటారా అని ఆ స్కూల్లోనే ఆయన్ని అడిగి రమ్మనండి. సీట్లు అయిపోతున్నాయన్న మాట మార్చిలో అంటారు, మేలో అంటారు, జూన్‌లో స్కూళ్ళు తెరిచాక కూడా అంటారు. రోజూ అంత దూరం వెళ్ళొచ్చే మనిషికి పాపతో గడిపే టైమే తక్కువ, ఫీజు ఎక్కువ కడితే ఆ లోటు తీరుతుందని లోపల అనుకుంటారేమో, పైకి చెప్పరు. అయినా "నీకేం తెలుసు" అనడం తప్పే. ఆ మాట నొప్పించిందని ఆదివారం ఆయనకి విడిగా చెప్పండి, అత్తగారి ముందు వద్దు, స్కూలు ఊసు ఆ రోజు ఎత్తొద్దు.

అత్తగారి మాట కూడా తీసిపారేయకండి. అంగన్‌వాడీ అంటే గుడ్లూ బాలామృతమూ అనే మనకి గుర్తు గానీ 1975లో పథకం పెట్టినప్పట్నుంచీ మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఆటపాటలతో నేర్పడం కూడా వాళ్ళ పనే. కొన్ని బాగా నడుస్తాయి, కొన్నిచోట్ల టీచరమ్మకి రిజిస్టర్లూ యాప్‌లతోనే పొద్దుపోతుంది. మీ వీధిలోది ఎలాంటిదో అత్తగారితో కలిసే వెళ్ళి చూడండి.

ఇక మీకు నచ్చిన ప్లే స్కూలు. గోడ మీద బొమ్మలు చూసి నచ్చితే మాత్రం ఇంకోసారి వెళ్ళండి. మాంటిస్సోరి అని బోర్డుంటే పడిపోకండి, ఆ పద్ధతి పెట్టిన ఇటలీ ఆవిడ మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చింది నిజమే గానీ ఆ పేరు ఇప్పుడు పెయింటర్‌కి డబ్బులిస్తే ఎవరైనా రాయించుకోవచ్చు, టీచరు ఎక్కడ నేర్చుకున్నారో అడగండి. చెప్పకుండా, విడిచిపెట్టే టైముకి గేటు దగ్గర నిలబడండి, మొహం చూసి పిల్లల్ని ఇస్తున్నారా, ఎవరు చెయ్యి చాపితే వాళ్ళకి ఇచ్చేస్తున్నారా తెలుస్తుంది. ఒక టీచరుకి ఇరవై మంది మించకూడదని, రోజుకి మూడు నాలుగు గంటలు చాలని పసిపిల్లల చదువు మీద కేంద్రం 2013లో పెట్టిన పాలసీలో ఉంది, అక్కడ ఎంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టుకోండి. బాత్రూమ్ ఎందుకు చూడాలో చెప్పాను కదా. మూడేళ్ళ పిల్లలచేత పేజీలకి పేజీలు రాయిస్తుంటే వద్దు, ఆ వేళ్ళకి ఇప్పుడు పిండి పిసకడం, ఇసకలో ఆడ్డం కావాలి. ఇంకోటి, పాప "ఏటి టీచర్" అంటే "నో తెలుగు" అని గదమాయిస్తారేమో వినండి. జనం మాట్లాడే తెలుగు కోసం పోరాడిన గురజాడ ఊరిది, ఇక్కడ పిల్ల మంచినీళ్ళు అడగడానికి ఇంగ్లీషు రాక నోరు మూసుకుని కూర్చోవడమేంటి, నాకైతే ఒళ్ళు మండుతుంది.

ఇవన్నీ సరిపోతే నా ఓటు మీ పక్క వీధికే. పొద్దున్న మీరు దింపండి, మధ్యాహ్నం అత్తగారు తెస్తారు, అయితే ఫీజు కట్టకముందే ఆవిడని ఒకసారి తీసుకెళ్ళి ఆయానీ టీచర్నీ చూపించండి, తన చేతుల్లోంచి వెళ్ళే పిల్ల ఎవరి దగ్గర ఉంటుందో ఆవిడకి తెలియాలి. ఆవిడ ఒప్పుకుంటే ఆయన్ని ఒప్పించడం పెద్ద పని కాదు.

మొదటి రెండు వారాలు పాప ఏడుస్తుంది, గేటు దగ్గర మీరూ ఏడుస్తారు, అప్పుడు చెప్పకుండా జారుకోవద్దు, "నానమ్మ వస్తుంది" అని చెప్పి వెనక్కి చూడకుండా వచ్చెయ్యండి. నెల దాటాక కూడా రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తుంటే, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైతే, ఆ స్కూల్లో ఏదో ఉంది, ఒకరోజు మానిపించి పాపని మెల్లగా అడగండి, నాకూ రాయండి.