సముద్రం లేని జిల్లా నుంచి పగడపు దిబ్బల చదువుకు

ప్రశ్న: మాది దేవరకొండ. మా అమ్మాయి నల్లగొండలో బీఎస్సీ ఎంపీసీ రెండో సంవత్సరం. సముద్రాల ఆమ్లీకరణతో (కార్బన్ డయాక్సైడ్ కరిగి నీటి ఆమ్లత్వం పెరగడం) పగడపు దిబ్బలకు ఏమవుతుందో క్లైమేట్ మోడళ్లు కచ్చితంగా చెప్పలేకపోతున్నాయని చదివి, అందులోనే పరిశోధన చేస్తానంటోంది. మోడళ్లే అక్కరకు రానప్పుడు ఆ చదువుకు భవిష్యత్తు ఉందా సార్?

జవాబు: ఉందండీ. ఆ లోటే ఆమెకు పని. ప్రపంచ స్థాయి మోడళ్లు చాలావరకు సముద్రాన్ని సుమారు 100 కిలోమీటర్ల గడులుగా విడగొట్టి, గడి మొత్తానికి ఒకే పీహెచ్ (నీటి ఆమ్లత్వం చెప్పే అంకె, అది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు) లెక్కిస్తాయి. లక్షద్వీప్‌లో కవరత్తి దీవి పొడవే 6 కిలోమీటర్లు దాటదు. జిల్లా సగటు వర్షపాతం చూసి మీ చెలకలో ఎంత పడిందో ఎలా చెప్తాం? పైగా దిబ్బ మీది నీళ్లు గంటగంటకూ మారుతాయి. పగలు నాచు, పగడాల్లో ఉండే శైవలాలు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటే పీహెచ్ పెరుగుతుంది, రాత్రి శ్వాసక్రియతో పడిపోతుంది. లోతు తక్కువ చోట్ల ఈ తేడా 0.3 దాటవచ్చు. పారిశ్రామిక యుగం మొదలయ్యాక సముద్ర ఉపరితల సగటు తగ్గింది 0.1 దాకానే.

అందుకే కెమిస్ట్రీ, మ్యాథ్స్ రెండూ గట్టిగా ఉండాలి. ఇప్పటి నుంచే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి. సముద్రపు నీటిలో కార్బన్ లెక్కలు చేసే సీఓటూసిస్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఉష్ణోగ్రత 28, లవణీయత 35, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) 2300, కరిగిన కార్బన్ 2000 మైక్రోమోల్స్ (కిలో నీటికి) ఇచ్చి, కార్బన్‌ను 50 చొప్పున పెంచుతూ అరగొనైట్ సంతృప్తత ఎలా పడిపోతుందో గ్రాఫ్ గీయాలి. పగడం గూడు కట్టుకునేది అరగొనైట్ అనే ఖనిజంతోనే; సంతృప్తత అంటే అది గట్టిపడేందుకు నీరు ఎంత అనుకూలమో చెప్పే కొలత.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది పీహెచ్ దగ్గరే. అది లాగరిథమ్ కొలత, నేరుగా సగటు తీయకూడదు. కాలేజీ ల్యాబ్‌లోని మామూలు బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) సరిచేసిన మీటర్‌ను ఉప్పునీటిలో పెడితే, సముద్ర శాస్త్రజ్ఞులు ఉప్పునీటికి వాడే టోటల్ స్కేల్ అనే పీహెచ్ కొలమానానికీ దానికీ సుమారు 0.1 తేడా వస్తుంది. వందేళ్లకు పైగా జరిగిన మార్పంత తప్పు ఒక్క కొలతలోనే!

డిగ్రీ తర్వాత సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఓషన్ అండ్ అట్మాస్ఫియరిక్ సైన్సెస్‌కు ప్రయత్నించవచ్చు. కొచ్చిన్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ కూడా మంచివే. సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉంది. ప్రాజెక్టు పనికి దూరం పోనక్కర్లేదు.

ఒక్కటి ముందే తెలుసుకోండి. ఎమ్మెస్సీతో దొరికేవి ఎక్కువగా కాంట్రాక్టు ప్రాజెక్టు ఉద్యోగాలు. పరిశోధనలో స్థిరపడాలంటే పీహెచ్‌డీ కావాలి. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. ఇవాళ్టి నుంచి ఎనిమిదేళ్లైనా పడుతుంది. పెళ్లి తొందర పెట్టకుండా ఆ సమయం ఇవ్వగలరా అన్నది మీరూ, అమ్మాయీ కూర్చుని మాట్లాడుకోండి.