నీటిమట్టం చూసి బయల్దేరండి

అమ్మలూ,

మీ అయిదుగురి ప్రాజెక్టు ప్లాన్ అందింది. మూడు రోజుల్లో అలంపురం, సంగమేశ్వరం, సోమశిల, శ్రీశైలం. కాగితం మీద ముచ్చటగా ఉంది. కానీ అయిదు పేజీల్లో శ్రీశైలం జలాశయంలో నీళ్లెంత ఉన్నాయన్న మాట ఒక్కచోటా లేదేంటమ్మా?

ముప్పై ఏళ్ల కిందట నేనూ ఇదే పొరపాటు చేశాను. సంక్రాంతి వెళ్లిన వారానికి పదో తరగతి పిల్లల్ని ఆ జలాశయంలోనే ఉన్న సంగమేశ్వరం గుడి చూపిద్దామని తీసుకెళ్లాను. ఒడ్డున దిగితే కనుచూపు మేర నీళ్లే. ఒక పుట్టి నడిపే ఆయన తెడ్డు పైకెత్తి, "గుడి అదిగో సార్, ఆ కొంగ వాలిన చోట కింద ఉంది" అన్నాడు. పిల్లలు నా వంక చూశారు, నేను కొంగ వంక చూశాను. పులిహోర తిని వెనక్కొచ్చాం.

శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు. నిండుగా ఉన్నన్నాళ్లూ గుడి నీళ్లలోనే. ఎండాకాలం నీరు దిగాకే బయటికొస్తుంది. ఎన్ని అడుగులకు శిఖరం కనిపిస్తుంది, ఎన్నింటికి గర్భగుడిలోకి నడిచి వెళ్లొచ్చు? ఇది పుట్టివాళ్లని, పూజారిని అడిగి రాసుకోండి. మట్టం రోజూ పేపర్లో వేస్తారు. ఆ రెండూ పక్కపక్కన పెడితే ఎప్పుడు బయల్దేరాలో తేలుతుంది. మీ ప్రాజెక్టుకు ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు తోచలేదు.

అలంపురంలో నవబ్రహ్మ ఆలయాల ఫొటోలు అందరూ తీస్తారు. మీరు అక్కడే ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయం (పేరు ఒకటే, గుడి వేరు) దగ్గర కాసేపు ఆగండి. ముంపు తప్పించడానికి దాన్ని ఊడదీసి ఇక్కడికి తెచ్చి మళ్లీ కట్టారు. అటు నీళ్లలో మిగిలిన గుడి, ఇటు గట్టెక్కిన గుడి. ఒకే డ్యామ్ కథ. ఊళ్లు మాత్రం వందకు పైగా మునిగాయి. ఆ ఊళ్ల నుంచి లేచి వచ్చినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల దగ్గర ఫోను జేబులో పెట్టి, నోటుబుక్కు తీయండి.

మ్యాప్ సంగతి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో 2 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. కర్నూలు నుంచి శ్రీశైలానికి స్కేలు పెట్టి కొలిస్తే 90 కిలోమీటర్లు దాటి కాస్త ఉంటుంది. బస్సెక్కితే దాదాపు 180. ఆ మిగతా దూరం ఎక్కడ పెరిగిందో మ్యాప్ మీద వేలితో చూపించగలిగితే నల్లమల మీకు అర్థమైనట్టే. ప్లాన్‌లో "ప్రయాణం: 2 గంటలు" అని రాసిన పిల్లెవరో గానీ, ఆమెను ఒకసారి ఘాట్‌లో కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

హైదరాబాద్ వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఇంకో ముచ్చట కూడా రాయండి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేస్తారు, పులుల అడవి కదా. ఓసారి పది నిమిషాలు ఆలస్యమై, మీ పెద్దమ్మ, నేను కారులోనే తెల్లవార్లూ కూర్చున్నాం. ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

పని మాత్రం "నువ్వు పీఠిక, నేను ముగింపు" అని పంచుకోకండి. చివర్లో అందరికీ టెన్షన్, అతికించేవాళ్లకు నరకం. ఒకరు నీళ్లు, ఒకరు దారులు, ఒకరు గుళ్లు, ఒకరు ముంపు ఊళ్ల మనుషులు, ఒకరు ఖర్చులు. ఖర్చుల లెక్క ఏ రోజుది ఆ రోజే రాయండి.

పుట్టి ఎక్కాల్సి వస్తే లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు, సెల్ఫీ కోసం లేచి నిలబడొద్దు. తేదీ ఖాయమయ్యాక ఆ రోజు మట్టం ఎంతుందో నాకు మెసేజ్ పెట్టండి. పులిహోర సంగతి మీ పెద్దమ్మ చూసుకుంటానంది.

మీ పెదనాన్న