తుఫాను భయంతో ఇంటి ముందు వేపచెట్టు కొట్టించేయాలా?

మీరు అడిగింది ఇదీ: ఒడిశా బరంపురంలో మీ ఇంటి ముందు రోడ్డు వారన ఒక పెద్ద వేప, దాని పక్కనే ఒక గుల్‌మొహర్. అక్టోబరు వస్తోందంటే చాలు, ఎక్కడ ఇంటి మీద పడతాయోనని ఇంట్లో అందరికీ టెన్షన్. రెండూ కొట్టించేయాలా, కొట్టిస్తే ఆ చోట ఏం నాటాలి?

నేనూ ఈ ఊరివాడినే, కాబట్టి ముందు జవాబు చెప్పేస్తాను. వేపని కొట్టించకండి. గుల్‌మొహర్ విషయంలో మాత్రం మీ వాళ్ళ భయంలో కొంత న్యాయం ఉంది, దాన్ని దగ్గరికెళ్ళి చూశాక గానీ తేల్చలేం. ఎలా చూడాలో కింద రాస్తున్నాను.

2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకి 200 కిలోమీటర్ల పైమాట. తెల్లారాక వీధిలోకి వస్తే అడుగు పెట్టే చోటు లేదు. అందరూ కొమ్మలు పక్కకి లాగే పనిలో ఉంటే నేను పడ్డ చెట్ల మొదళ్ళు చూస్తూ తిరిగాను. మా సందు చివర గుల్‌మొహర్ ఒకటి మట్టితో సహా పెకలించుకుని పడి ఉంది. రోడ్డు వైపు వేళ్ళు పీచులు పీచులుగా తెగి ఉన్నాయి, అంటే ఆ రాత్రి గాలికి తెగినవన్నమాట. కాలవ వైపు అసలు పీచే లేదు. చేతి మందం వేళ్ళు, బొటనవేలంత వేళ్ళు అన్నీ ఒకే వరసలో, గునపంతో నరికిన చోట మొండిగా ఆగిపోయి, నల్లగా కుళ్ళి ఉన్నాయి. వేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. ఆ కాలవ తవ్వింది తుఫానుకి చాలా ఏళ్ళ ముందు. అన్నాళ్ళూ ఆ చెట్టు ఒంటికాలి మీద నిలబడి, ఎండాకాలం ఎర్రగా పూస్తూనే ఉంది. ఎవరికీ అనుమానం రాలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినా గజపతి జిల్లాకీ దెబ్బ గట్టిగానే తగిలింది. పర్లాకిమిడిలో మా మావయ్యగారి వీధిలోనూ ఇదే కథ. కాలవకి ఆనుకున్నవి, కొత్తగా సిమెంటు పోసిన చోట ఉన్నవి ముందు పడ్డాయి. అందుకే చెట్టు పడితే గాలిని తిట్టే ముందు మొదట్లో ఏం జరిగిందో చూడమంటాను.

చెట్టు ఎంత ఎత్తు ఉంటే వేళ్ళు అంత లోతుకి పోతాయని మనవాళ్ళ నమ్మకం. నిజానికి చాలా చెట్లకి వేళ్ళలో ఎక్కువ భాగం పై రెండు మూడు అడుగుల మట్టిలోనే ఉంటాయి. లోతుకి పోవడం తక్కువ, పక్కలకి మాత్రం కొమ్మల అంచు దాటి పాకుతాయి. కట్టడాలు కట్టేటప్పుడు చెట్టుని కాపాడటానికి వాడే లెక్క ఒకటుంది: ఛాతీ ఎత్తులో కాండం ఎంత వెడల్పు ఉంటే దానికి 12 రెట్లు దూరం దాకా చుట్టూ తవ్వకూడదు. అడుగున్నర వెడల్పు వేపకి 18 అడుగులు. మన వీధుల్లో అంత జాగా ఎవరిస్తారు, ఇవ్వరు. అయినా మొదలుకి ఆనుకుని తవ్వొద్దని, పెద్ద వేరు తగిలిన చోట జేసీబీ ఆపి చేత్తో మట్టి తీసి, వేరు కింద నుంచి పైపు దూర్చమని అడగొచ్చు. మా వీధిలో నీళ్ళ పైపు వేసినప్పుడు మేస్త్రీ మొదట నవ్వాడు, తర్వాత అలాగే చేశాడు. పెద్ద పనేం పెరగలేదు.

ఇంకో శత్రువు సీసీ రోడ్డు. పాత రోడ్డు మీదే మళ్ళీ పోసి, మళ్ళీ పోసి ఎత్తు పెంచుతారు, చెట్టు మెడ దాకా కూరుకుపోతుంది. మీ వేప మొదలు చూడండి. నేల దగ్గర కాండం వెడల్పై, వేళ్ళు మొదలయ్యే చోటు కనిపిస్తే మంచిదే. కరెంటు స్తంభంలా నేలలోంచి నిటారుగా లేస్తే మొదలు పూడిపోయిందని అర్థం. బెరడు సిమెంటులో నానితే కుళ్ళుతుంది, వేళ్ళకి నీళ్ళూ గాలీ అందవు. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. ఆ ఆదేశం ఢిల్లీకే అయినా, కారణం చెట్టుకి ఎక్కడైనా ఒకటే. రోడ్డు పోసే రోజున కాంట్రాక్టరుతో మాట్లాడి మొదలు చుట్టూ ఇటుకలు పేర్పించుకుంటే సరిపోతుంది. పోశాక పగలగొట్టడం పది రెట్లు పని, పైగా అప్పుడు వేళ్ళకీ దెబ్బ. ఇనుప ట్రీగార్డు మిగిలి ఉంటే అదీ కోయించేయండి. గేట్ బజార్ వైపు వెళ్తుంటే గార్డు కడ్డీలు కాండంలో ఇరుక్కుని పెరిగిన చెట్లు కనిపిస్తాయి, చూస్తే జాలేస్తుంది.

ఇక గుల్‌మొహర్‌ని ఎలా చూడాలి. మొదట్లో గానీ, నేలకి దగ్గరగా కాండం మీద గానీ పుట్టగొడుగులు, చెక్కలాంటి గోధుమరంగు బుడిపెలు ఉన్నాయా? ఉంటే లోపల కుళ్ళు ఉన్నట్టే. చెట్టు ఒరిగి ఉంటే, ఆ ఒరుగు చిన్నప్పటి నుంచీ ఉందా, ఈమధ్యే వచ్చిందా? ఒరిగిన వైపుకి ఎదురు వైపు నేల పగిలి, కాస్త ఉబ్బి ఉంటే ఆలస్యం చేయొద్దు. రెండు పెద్ద కొమ్మలు ఇరుకుగా చీలి, మధ్యలో బెరడు లోపలికి మడతపడి ఉంటే గాలికి చీలేది అక్కడే. తొర్ర ఉన్నంత మాత్రాన మాత్రం హడలిపోనక్కర్లేదు. కాండం వ్యాసార్థంలో మూడో వంతు మందాన చుట్టూ గట్టి చెక్క మిగిలి ఉంటే బోలు చెట్టు కూడా నిలబడుతుందని లెక్క. చెక్క సుత్తితో చుట్టూ తట్టుకుంటూ వెళ్తే డొల్ల శబ్దం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మీకే తెలుస్తుంది. గుల్‌మొహర్ మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టు. వేళ్ళు పైపైనే, చెక్క పెళుసు, గొడుగులా పరుచుకుంటుంది. పైలిన్‌లో మా వైపు ఎక్కువగా పడ్డవి ఇవీ, పచ్చతురాయిలూ, రోడ్ల పక్క ఆస్ట్రేలియా తుమ్మలూ. వేప, చింత, పొగడ, కానుగ కొమ్మలు పోగొట్టుకున్నా చాలావరకు నిలబడ్డాయి. కాలవ మీ గుల్‌మొహర్‌కి ఆనుకునే ఉండి, పైన చెప్పిన గుర్తుల్లో ఒక్కటి కనిపించినా నేనైతే తీయించేస్తాను.

కొమ్మల సంగతికి వస్తే, చెట్టుకి సగం చేటు చేసేది మంచి ఉద్దేశంతో కొట్టే కొట్టుడే. కరెంటు తీగల కోసం వచ్చినవాళ్ళు తీగ వైపు మొత్తం నరికేసి పోతారు. బరువంతా ఇంకో వైపు, అంటే సరిగ్గా మీ మేడ వైపు పడుతుంది. ఇంకొందరు "పొట్టిగా ఉంటే పడదు" అని తలంతా మొండెం చేయిస్తారు. ఏడాది తిరిగేసరికి ఆ మోళ్ళ చుట్టూ గుత్తులు గుత్తులుగా చిగుళ్ళు లేచి ఏపుగా పెరుగుతాయి. అవి పై పొరకి మాత్రమే అతుక్కుని ఉంటాయి, కింద మోడు కుళ్ళుతూ ఉంటుంది. తర్వాతి తుఫానుకి ముందు విరిగేవి అవే.

చేయాల్సింది కొద్దిగా పలచన చేయడం. ఎండు కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి, ఇంటి మీదకి మరీ చాచినవి తీయించండి. ఒక ఏడాదిలో పచ్చదనంలో నాలుగో వంతుకి మించి పోకూడదు. చెట్టెక్కేవాడికి ముందే చెప్పండి: పెద్ద కొమ్మని ఒక్క కోతకి కోయొద్దు. కాండానికి అడుగు దూరంలో కింద నుంచి మూడో వంతు కోయాలి, దానికి కాస్త అవతల పై నుంచి కోసి కొమ్మని పగ్గంతో దించాలి, ఆఖరికి మిగిలిన మోడుని కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడ చెడకుండా దాని అంచున కోయాలి. మొదటి కోత వదిలేస్తే కొమ్మ బరువుకి బెరడు కాండం మీద కిందిదాకా చీలిపోతుంది. కాండానికి సాఫీగా కోసినా తప్పే, జానెడు మోడు వదిలినా తప్పే. గాయానికి తారు, పెయింటు, సిమెంటు ఏవీ పూయక్కర్లేదు, చెట్టే దాన్ని కప్పుకుంటుంది. పని ఫిబ్రవరిలో, వేప ఆకు రాలే రోజుల్లో పెట్టుకోండి. వానాకాలంలో కొంగలు గూళ్ళు పెట్టే చెట్టయితే ఆ నెలల్లో అసలు ముట్టుకోవద్దు. సెప్టెంబరులో ఒకసారి తలెత్తి చూసి ఎండు కొమ్మలుంటే అవి మాత్రం తీయించండి. తీగలకి దగ్గరున్న కొమ్మ జోలికి కరెంటు ఆపించకుండా ఎవరినీ పంపొద్దు.

ఇంత తంటా ఎందుకు అనే ప్రశ్న మీ ఇంట్లోనూ వస్తుంది, మా ఇంట్లోనూ వచ్చింది. మనది పడమటి ఒడిశాలోని టిట్లాగఢ్ లాంటి పొడి ఎండ కాదు, ఉక్కపోత. గాల్లో ఇప్పటికే తేమ ఉంది కాబట్టి ఆకులు వదిలే ఆవిరితో వచ్చే చల్లదనం మన దగ్గర తక్కువే. నీడే మనకి అసలు లాభం. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం, మండే ఎండలో ఉన్న గోడ, రోడ్డు లాంటివాటి కంటే నీడలో ఉన్నవి 11 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లగా ఉండొచ్చు. పడమటి గోడ రాత్రి పదింటికి కూడా సెగలు కక్కే మేడల్లో ఉన్నవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం దాటాక గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే సముద్రపు గాలి ఆగకుండా కింది కొమ్మలు మనిషెత్తు పైకి తీయించి ఉంచితే నీడా దక్కుతుంది, గాలీ దక్కుతుంది.

మా పక్కింటి పిన్నిగారు ఏటా మాఘమాసంలో "ఈ ఆకు ఊడ్చలేక చస్తున్నాం, కొట్టించి పారేయండి" అని గొడవ. ఉగాది ముందు రోజు సాయంత్రం పువ్వు కోసం గిన్నె పట్టుకుని వచ్చేదీ ఆవిడే. ఆకు నిజంగా కాలవకి అడ్డం పడుతుంది, ఆవిడ అన్నది అబద్ధం కాదు. మేం సందు చివర ఖాళీ స్థలంలో గొయ్యి తీసి అందులో వేస్తున్నాం, వానలు పడేసరికి మొక్కలకి ఎరువు. వేళ్ళు పైపులు పగలగొడతాయన్న ఫిర్యాదు మాత్రం సగమే నిజం. బాగున్న పైపులోకి వేరు దూరడం అరుదు. ఎక్కడో జాయింటు కారుతుంటే ఆ తడికి వెతుక్కుంటూ వస్తుంది.

రోడ్డు వారన ఉన్న చెట్టు మీరు నీళ్ళు పోసి పెంచినా సరే, మీ సొంతం కాదు. కార్పొరేషన్‌కీ, అటవీ శాఖ డీఎఫ్‌వో ఆఫీసుకీ అర్జీ పెట్టి అనుమతి వచ్చాకే కొట్టించండి. ఫోటోలు జత చేయండి: మొత్తం చెట్టు, మొదలు, కుళ్ళిన చోటు, ఇంటికి ఎంత దూరమో తెలిసేలా ఒకటి. అర్జీ ఒడియాలో రాయిస్తే త్వరగా కదులుతుందని నా అనుభవం. వీధిలో నలుగురి సంతకాలు ఉంటే ఇంకా మంచిది, రేపు ఎవరూ మీ మీద ఫిర్యాదు పెట్టరు.

గుల్‌మొహర్ పోతే ఆ చోట ఏం నాటాలో పైన తీగలు ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి చూడండి. తీగలుంటే పారిజాతం, దేవకాంచనం, నందివర్ధనం లాంటివి చాలు. లేకపోతే పొగడ నా మొదటి ఎంపిక, పెరగడం నిదానం గానీ తుఫానుకి గట్టిది. కానుగ త్వరగా నీడ ఇస్తుంది. సముద్రానికి దగ్గరైతే పొన్న. ఇక్కడి నర్సరీల్లో ఈ మూడింటినీ ఒడియా పేర్లతో బఉళ, కరంజ, పొలాంగ అని అడగండి, వెంటనే తీసిస్తారు. మళ్ళీ వేపే పెట్టకండి, వీధంతా ఒకే చెట్టయితే ఒక్క తెగులుతో అన్నీ పోతాయి. కోనోకార్పస్ అనే విదేశీ చెట్టుని గుజరాత్ 2023లో నిషేధించింది, ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. ఏడాకుల పాల కూడా కిటికీ ముందు వద్దు. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో అది విపరీతంగా నాటారు, ఇప్పుడు చలికాలం ముందు పూత వచ్చిందంటే ఆ ఘాటు వాసనకి జనం తలుపులు మూసుకుంటున్నారు.

రథయాత్ర రోజుల్లో, వాన పడ్డాక నాటండి. ప్లాస్టిక్ సంచి కోయగానే వేళ్ళు చూడండి. లోపల గుండ్రంగా చుట్టుకుని ఉంటే కత్తితో నాలుగు వైపులా నిలువుగా గీరి విడదీయాలి, లేదంటే పెరిగినా అలాగే చుట్టుకుని ఉండి పెద్దయ్యాక పట్టు లేక పడిపోతుంది. మొక్కని సంచిలో ఎంత లోతు ఉందో అంతకంటే లోతుగా పూడ్చొద్దు. ఊత కర్ర కింది భాగంలోనే, కాస్త ఊగేలా వదులుగా కట్టండి. గాలికి ఊగితేనే కాండం లావెక్కుతుంది. ఏడాది దాటాక ఊత తీసేయండి, మొదటి రెండు ఎండాకాలాలు నీళ్ళు మాత్రం తప్పనిసరి.

గుల్‌మొహర్ మొదలు ఫోటో, కాలవ కనిపించేలా, ఇక్కడ పెట్టండి. ఉంచాలో తీయాలో అది చూశాక నా అభిప్రాయం చెప్తాను.